యూనికోడునందుఁ దెలుఁగు వర్ణక్రమము

తెనాలి, బాపట్ల, రేపల్లె యను పట్టణనామములు మూఁడేసి యక్షరములు గలవి. ఛందస్సున మొదటిది జగణము. తక్కిన రెండును దగణములు. కంప్యూటరున వ్రాయునపుడు మొదటి రెంటికి నాఱేసి సంకేతములును, రేపల్లెకు నేడును గావలయును. ఈ భేదమునకుఁ గారణము సాఫ్టువేరు నిర్మాతలు ముందుగా నేర్పఱచుకొన్న సూత్రములే.

1991లో వెలువడిన యూనికోడు, భారతీయలిపుల విషయమున 1988 నాఁటి ఇస్కీ ప్రమాణము ననుసరించినది. అందలి మొదటి సూత్రము రూపమును గాక వర్ణమును గ్రహించుట. హల్లునం దకారము సహజముగా నున్నదని దీని మతము. కావున బాపట్లలోని 'ట్ల' వర్ణమునకు ట, పొల్లు, ల యని మూఁడు సంకేతములు. లకారపు వత్తునకు వేఱు సంకేతము లేదు.

ఈ మతమొక్కటియే గతి గాదని తెనాలి రేపల్లెల నడుమనున్న భట్టిప్రోలు శాసనములు తెలుపుచున్నవి. 1892లో లభించిన యా ధాతుకరండములమీఁది ప్రాకృతలేఖనమున గుర్తులేని హల్లు కేవలహల్లే. హ్రస్వాకారమునకును బ్రత్యేకచిహ్నము కలదు. అట్టి పద్ధతికిఁ బొల్లుతోఁ బనిలేదు. అచటి దీర్ఘచిహ్నము భట్టిప్రోలు పేరితోడనే 2010లో యూనికోడు బ్రాహ్మీపట్టికలోఁ జేరినది.

వత్తునకు స్థానము లేకుండుట లోపమని తోఁచవచ్చును. నిజమున కది గుణమే. పదము ఉచ్చారణక్రమమున నిలిచియుండుటచే, అచ్చురూపము మాఱినను బాఠము మాఱదు. గణవిభాగమును యంత్రముచేఁ జేయింపవచ్చును.

దోషము రెండవ సూత్రమున నున్నది. భారతీయలిపుల కన్నిటికి నొకే వరుస యనుటచే ఱకారము రేఫమువెంటను, ళకారము లకారమువెంటను గూర్చుండినవి. బడిపిల్లలు చదువు వర్ణమాలలో నవి హకారమునకుఁ దరువాతివి. సంకేతసంఖ్యలఁబట్టియే కూర్చిన నిఘంటువు పండితుల క్రమమునుండి తప్పును. ఱకారమునకు స్థానమైనఁ గలదు. దంత్య చ, జలకు 2008 వఱకును, నకారపొల్లునకు 2021 వఱకును బ్రత్యేకస్థానమే లేదు.

వెదకుటయందలి చిక్కు మఱింత పెద్దది. రేపల్లె ప్రాంతపుఁ జెఱుకుపల్లిని నేఁటివారు సాధురేఫతో వ్రాయుదురు. సంకేతములను మాత్రమే పోల్చు యంత్రమున కవి రెండు వేర్వేఱు పదములు. కావున నేఁటి వ్రాతతో వెదకినవానికి శకటరేఫముగల ప్రాచీనపాఠము దొరకదు. ఉన్న గ్రంథము లేనట్లే యగును.

ఒకసారి యిచ్చిన సంఖ్యను మార్పరాదని యూనికోడు నియమము. కావున నా పట్టికను నిందించి ఫలములేదు. అకారాదిక్రమమునకును, ర-ఱల సామ్యమునకును వేఱు నియమములు వ్రాసి యంత్రమున కందింపవచ్చును. ఆ నియమము లెట్టివో చెప్పవలసినవారు వ్యాకరణ మెఱిఁగిన పండితులే కాని కేవల యంత్రజ్ఞులు గారు.