వంటింటిలో సూక్ష్మతరంగములు: భయమెంత, లాభమెంత

తిరుపతినుండి చిత్తూరునకు పోవు రహదారి దాపున గాదంకి గ్రామమున్నది. అచ్చటి జాతీయ వాతావరణ పరిశోధనాలయములో 130 మీటర్ల పొడవును, అంతే వెడల్పును గల స్థలమున 1,024 ఏరియళ్లు ఆకాశమువైపు నిలిచియున్నవి. మొదట 2.5 మెగావాట్ల గరిష్ఠ సామర్థ్యముతో నిర్మించిన ఆ రాడారుతో 53 మెగాహెర్ట్జుల రేడియో తరంగములను మీదికి పంపి, తిరిగివచ్చు లేశమాత్రపు ప్రతిధ్వనినిబట్టి పై యెత్తులలోని గాలుల పోకడను శాస్త్రజ్ఞులు కొలుచుదురు. ఆ దారిన బస్సులో పోవువాడు దానిని తలచి భయపడడు. ఇల్లు చేరిన పిమ్మట వంటగదిలోని 800 వాట్ల మైక్రోవేవ్ ఓవెనును చూచి మాత్రము, "దీనిలో కాచిన పాలు పిల్లకు పోయవచ్చునా?" యని వెనుకాడును. సందేహించుట తప్పుకాదు. కాని ఆ సందేహము తగులవలసిన చోట తగులుటలేదు.

ఈ పెట్టె పుట్టుక రాడారునుండియే జరిగినది. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున రాండల్, బూట్ అను భౌతికశాస్త్రజ్ఞులు మాగ్నెట్రాన్ గొట్టమును శక్తిమంతముగా రూపొందించిరి. యుద్ధమున శత్రువిమానములను కనిపెట్టుటకు అది తోడ్పడినది. 1945లో అమెరికాలోని రేథియన్ సంస్థకు చెందిన పెర్సీ స్పెన్సర్ దానిని వంటకు మళ్లించెను. 1947లో వచ్చిన మొదటి ఓవెను ఇంచుమించు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు. బల్లమీద పెట్టుకొనదగిన ఓవెను 1967లోగాని గృహములకు రాలేదు.

ఇది పనిచేయు తీరును వివరించునపుడు పెక్కు పుస్తకములు ఒక పొరపాటు చేయుచున్నవి. 2,450 మెగాహెర్ట్జులు నీటి అణువు యొక్క సహజ పౌనఃపున్యమనియు, అందుచేత నీరు అనునాదము చెంది వేడెక్కుననియు వ్రాయుదురు. అది నిజము కాదు. సాధారణ ఉష్ణోగ్రతలో నీరు మిక్కుటముగా శోషించుకొను పౌనఃపున్యము 20,000 మెగాహెర్ట్జుల ప్రాంతమున నున్నది. అంతటి తరంగమును వాడినచో శక్తి యంతయు పై పొరలోనే ఖర్చయి లోపలి పదార్థము చల్లగానే మిగులును. జరుగునది వేరు. నీటి అణువునకు ఒక కొన ధనము, మరొక కొన ఋణము. విద్యుత్ క్షేత్రము సెకనుకు 245 కోట్ల ఆవృత్తులు చేయుచుండగా అణువులు దానితోపాటు తిరుగబోయి, పొరుగు అణువులను ఒరసికొని, ఆ శక్తిని వేడిమిగా వదలును. తరంగము కూరలోనికి రెండు మూడు సెంటీమీటర్లకు మించి గట్టిగా చొరబడదు. అటు తరువాత వేడి ప్రాకవలసినదే. "లోపలినుండి వండును" అను ప్రకటనకు ఆధారము లేదు.

ఇక రేడియేషన్ అను మాట. ఈ మాటకు ఎక్స్‌కిరణములు, అణుబాంబులు తోడుగా తలపునకు వచ్చుటచే జనులు బెదరుచున్నారు. ఎక్స్‌కిరణము అణువునుండి ఎలక్ట్రానును ఊడబెరుకగలదు. సూక్ష్మతరంగపు ఫోటాను శక్తి ఒక రసాయన బంధమును త్రెంచుటకు కావలసిన దానిలో లక్షవ వంతు కూడ కాదు. కావున ఆహారము రేడియోధార్మికము కానేరదు. మీట నొక్కి ఆపినంతనే, దీపమార్పిన గదిలో వెలుగు మిగులనట్లే, పెట్టెలో తరంగములు మిగులవు. తలుపునకున్న లోహపు జల్లెడ రంధ్రములు ఒకటి రెండు మిల్లీమీటర్లు. తరంగ దైర్ఘ్యము 12 సెంటీమీటర్లు. కంటికి కనబడు వెలుగు ఆ రంధ్రములగుండా వచ్చును, ఈ తరంగము రాజాలదు. ఎంతో కొంత కారినను, పెట్టెకు 5 సెంటీమీటర్ల దూరమున చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించరాదని నిబంధన. తిరుపతిలో మేనెల మధ్యాహ్నపు ఎండ అదే వైశాల్యమున సుమారు 100 మిల్లీవాట్లను కుమ్మరించును. రెండింటి స్వభావము వేరైనను, వేడిమిని మాత్రము పోల్చవచ్చును. తలుపు వంగినను, అంచుల పట్టు సడలినను ఆ ఓవెనును వాడరాదు. తక్కినపుడు గర్భిణీ స్త్రీని వంటింటినుండి వెళ్లగొట్టనక్కరలేదు.

భయపడవలసినది పాల సీసా విషయమున. పెట్టె గోడలనుండి తరంగములు తిరిగివచ్చి ఒకదానితోనొకటి కలియుటచే కొన్ని తావులు మిక్కిలి వేడిగాను, కొన్ని చల్లగాను ఉండును. పళ్లెము తిరుగుట ఇందుకే. అయినను ఆ తేడా పూర్తిగా పోదు. సీసా పైభాగము గోరువెచ్చగా తోచుచుండగా లోపలి పాలు పసిబిడ్డ నోరు కాల్చునంత వేడెక్కియుండవచ్చును. పసిపిల్లల పాలను దీనిలో వేడిచేయకుండుటయే మేలు. వేడినీటి గిన్నెలో సీసా నిలిపినచో చాలును.

చల్లని తావులవలన వచ్చు కీడు ఇంకను మోసకరమైనది. శీతలయంత్రములో దాచిన నిన్నటి నాటుకోడి పులుసు అంచులలో పొగలు గ్రక్కుచుండును. నడిముక్క చల్లగా నుండును, అందలి సూక్ష్మజీవులు చావవు. నడుమ 74 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరవలెను. సగములో ఒకసారి కలిపి, పూర్తియైన పిమ్మట రెండు నిమిషములు మూతవేసి ఉంచినచో వేడి సర్దుకొనును. నున్నని గాజుగ్లాసులో నీరు బుడగలు లేకుండనే మరుగుస్థానమును దాటి, చెంచా తగిలినంతనే ముఖముమీదికి ఎగయుట కలదు. పెంకుతోనున్న గ్రుడ్డు పేలును. అంగడినుండి కూర తెచ్చిన పలుచని ప్లాస్టిక్ డబ్బాను అట్లే లోపల పెట్టు అలవాటు మానవలెను. విటమినులు నశించునను ఆరోపణ మాత్రము నిలువదు: కొద్ది నీటితో కొద్దిసేపు ఉడికిన ఆకుకూరలో, నీరు పోసి ఉడికించి ఆ నీటిని పారబోసిన దానిలోకంటె సి విటమిను ఎక్కువగానే మిగులును.

భయము సంగతి అటుంచి, కొనదగునా? ఒక లీటరు నీటిని 25 డిగ్రీలనుండి మరిగించుటకు 314 కిలోజౌళ్లు కావలెను. 800 వాట్ల ఓవెను అందుకు ఆరున్నర నిమిషములు తీసికొనును. మీటరునుండి లాగునది మాత్రము సుమారు 1,250 వాట్లు, అనగా 0.14 యూనిట్లు. ఇండక్షన్ పొయ్యికి 0.10 యూనిట్లు చాలును. గ్యాసు పొయ్యి 11 గ్రాముల ఇంధనముతో ఆ పనిని ముగించును. పదిమందికి వండు ఇంట దీనికి చోటులేదు. ఒక చిన్న గిన్నెడు చారును, 150 మిల్లీలీటర్లను, 70 డిగ్రీలకు వెచ్చచేయుటకైనచో 35 సెకనులు చాలును, వేరొక పాత్ర తోమనక్కరలేదు. ఒంటరిగానుండు వృద్ధురాలికి, వేళతప్పి ఇల్లుచేరు ఉద్యోగికి ఇది మెచ్చదగిన సదుపాయము. అగ్గి వెలిగించి మరచిపోవు ప్రమాదము తప్పుటయు ముసలివారి విషయమున చిన్న సంగతి కాదు.

అమ్ముడుపోవుట మాత్రము ఈ గుణమును చెప్పి కాదు. ముందరి పలకమీద వరుసగా మీటలు, ఒక్కొక్క మీటకు ఒక వంటకము! ఈ సీమ వంటను దానికి అప్పగించి చూడవలెను. సంగటికి ఉడికిన అన్నములో రాగిపిండి వేసి, గిన్నెను అదిమిపట్టి, ఉండకట్టకుండ కట్టెతో కెలుకవలెను. ఆ కెలుకుటయే వంట. మీట ఆ పని చేయదు. తిరగవాతకు నూనె కాగి ఆవాలు చిటపటలాడవలెను. నీరున్నంతవరకు పదార్థము 100 డిగ్రీలకు మించి అంతగా వేడెక్కదు కనుక దోసెకు ఎఱుపు రాదు, వంకాయకు కాల్చిన వాసన రాదు. ఊరిమిండికి వేరుసెనగ గింజలు వేయించుటలో మాత్రము ఇది ఆశ్చర్యముగా నెగ్గును, అరనిమిషమున కొకసారి కలుపుచున్నంతవరకు. కలుపకున్న గింజ పైకి తెల్లగా కనబడుచునే లోపల మాడును.

పెద్దయెత్తు వంటకు తగిన వేడి వేరు. తిరుమలలో 2002లో 106 సూర్యదర్పణములను నెలకొల్పి, వానితో పుట్టించిన ఆవిరితో రోజుకు 15,000 మందికి వండు ఏర్పాటు చేసిరి. ఆవిరి గిన్నె నలుప్రక్కల సమముగా తాకును. ఓవెనులోని తరంగమునకు ఆ సమత లేదు, దానికి గల మెచ్చుకోలు త్వరితము మాత్రమే.

కొన్నవారు ఒక సంగతిని మరువరాదు. పాడైనచో వీధి చివరి మెకానిక్కును పిలిచి వెనుకరేకు విప్పించుట ఇచ్చటి ఆచారము. ఫ్యానునకు అది చెల్లును. ఓవెనులోని కెపాసిటరు ప్లగ్గు పీకిన పిమ్మట కూడ రెండువేల వోల్టులకు మించిన విద్యుత్తును పట్టియుంచవచ్చును. దానిని నిర్వీర్యము చేయుట నేర్చిన పనివాడు తప్ప వేరొకడు ఆ రేకుమీద స్క్రూడ్రైవరు పెట్టరాదు.