సహార్థ తృతీయ: ఎలిజబెత్తు హైమన్‌డార్ఫు

ఆంధ్రప్రదేశమందలి గోండులనుగూర్చి 1979లో వెలువడిన యాంగ్లగ్రంథపు ముఖపత్రమున క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు కర్త. ఆయన భార్య, ఆంగ్లవనిత యగు ఎలిజబెత్తు పేరు "సహకారముతో" నను పదమున నిలిచినది. సహార్థమున తృతీయ యప్రధానమునకే వచ్చునని పాణినీయమతము. అర్థమునుబట్టి చూడ నిది పొసగునా?

1938లో వివాహమాడిన యీమె 1940వ దశకమున ఆదిలాబాదు మండలపు మార్లవాయిలో భర్తతో గుడిసెయందు వసించి గోండుల నడుమ మెలగినది. మానవశాస్త్రమున నామెకు గురుకుల మా పల్లెయే యనదగును. 1987లో గతించిన యామె సమాధియు నచటనే కలదు. గోండు లేటేట వర్ధంతి జరుపుచున్నారు. వారి దృష్టిలో నామె యప్రధాన కాదు.

పేరు విడువకుండుట సౌజన్యమే. కాని యుభయపదప్రధానమగు ద్వంద్వ మొప్పు చోట తృతీయ చాలదు. మన విశాఖమన్యమున కేగు పరిశోధకులు తోడ్పడినవారిని కర్తలలో లెక్కించుట మఱవకుందురు గాక!