దూకడం కాదు, దిగడం

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో లాంగ్‌జంప్‌కని ఓ ఇసక గొయ్యి ఉండేది. ఎనిమిదో తరగతిలో అందులో దూకాలని నాకు ఒకటే ఉబలాటం. డ్రిల్లు మాస్టారు రెండు వారాల పాటు దాని దరిదాపులకు రానివ్వలేదు. వరండా అరుగెక్కి కిందికి దిగమనేవారు, అంతే. "చప్పుడు రాకూడదురా, పిల్లి దిగినట్టు దిగాలి" అనేవారు. మడమల మీద పడితే ఈల. మోకాళ్లు బిగబట్టినా, లోపలికి వాల్చినా ఈలే. ఈయనకు దూకించడం చేతకాదు కాబోలని చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఆ పాఠం విలువ మొన్న మా మనవరాలు మోకాలు పట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది. బ్యాడ్మింటన్ కోచింగ్‌లో చేర్చిన మూడో నెలకే ఎగిరి స్మాష్ కొట్టడం నేర్పారు. ఎగిరాక నేల మీదికి ఎలా దిగాలో ఎవరూ చెప్పలేదు.

ఎదిగే వయసులో ఎముక తన మీద పడే బరువును బట్టి గట్టిపడుతుంది. గెంతులు, పరుగులు, తొక్కుడుబిళ్ళ అన్నీ దానికి మేతే. కానీ ఎముకల కొసల్లో ఎదుగుదల జరిగే లేత భాగం ఉంటుంది. తప్పుగా, అదేపనిగా పడే దెబ్బలను అది ఓర్చుకోలేదు. ఇంకో సంగతి. పదేళ్లలోపు పిల్లలు వ్యాయామంతో బలపడేది కండలు పెరిగి కాదు. ఏ కండను ఎప్పుడు బిగించాలో నరాలు నేర్చుకోవడం వల్లనే చాలావరకు. అంటే వ్యాయామమూ దస్తూరీ లాంటిదే. మొదట్లో చెయ్యి పట్టుకుని దిద్దించే మనిషి కావాలి.

2014 మే 25న మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కిందని మురిసిపోయాం. ఆ గురుకులం పిల్ల ముందు ఓనమాలు దిద్దుకున్నది భువనగిరి కొండరాతి మీద, శిక్షకుల కళ్లెదుట.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వేడెక్కే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారంలో కనీసం 3 రోజులు ఎముకలకూ కండరాలకూ బలమిచ్చే పనీ చేయించమంటోంది. మన బళ్లలో ఆటల పీరియడ్‌ను తరచూ లెక్కల సిలబస్ మింగేస్తుంది. ఒకవేళ మిగిలిందా, యాభై మందికి ఒక బంతి. ఆట వచ్చినవాడికే బంతి అందుతుంది. ఆట అవసరమైనవాడు గట్టున కూర్చుని చెప్పులకు కాపలా కాస్తాడు. మా మాస్టారు నలుగురేసి చొప్పున జట్లు కట్టి, ఎవర్నీ ఊరికే నిలబడనిచ్చేవారు కాదు. కప్పులు తెచ్చేవాళ్ల కన్నా కాళ్లు తడబడేవాళ్ల దగ్గరే ఆయన ఎక్కువసేపు ఉండేవారు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కులు చూశాక ఇంకో మాట అడగండి. ఈ వారం ఆటల పీరియడ్ జరిగిందా, మా పిల్ల అందులో ఏం నేర్చుకుంది? జవాబు రాకపోతే డ్రిల్లు మాస్టారిని పిలిపించమనండి. అసలు ఆ పోస్టులో మనిషున్నాడో లేడో అప్పుడైనా తెలుస్తుంది.