వాద్యమూ పాఠమే: లెస్లీ స్పీకరు, కిన్నెర – పునరుద్ధరణపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
జానపద కథాగాన పరిశోధన కథను నమోదు చేసినంత శ్రద్ధగా వాద్యనిర్మాణాన్ని నమోదు చేయడం లేదు. విద్యుత్ ఆర్గన్‌కు తోడైన లెస్లీ స్పీకరు పునరుద్ధరణను, తెలంగాణ కిన్నెర మరమ్మతును పోల్చి, గ్రంథపరిష్కరణ సూత్రాలు వాద్యాలకు ఎంతవరకు వర్తిస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కిన్నెర, లెస్లీ స్పీకరు, పునరుద్ధరణ, ఆదిపాఠం, పాఠభేదం.

1. ఉపోద్ఘాతం:
కొమురవెల్లి మల్లన్న జాతర జరిగే సిద్దిపేట ప్రాంతంలో ఒగ్గుకథపై పరిశోధన చేయదలచిన విద్యార్థి ముందుగా కథను సేకరిస్తాడు. కథాంశాలు, మాండలికపదాలు, కథకుల వంశచరిత్ర అధ్యాయాలుగా రూపొందుతాయి. ఒగ్గు, డోలు మాత్రం చాలా సందర్భాల్లో ‘వాద్యపరికరాలు’ అనే ఉపశీర్షిక కింద ఒక పేరాతో ముగిసిపోతాయి. డోలుకు చర్మం ఎవరు బిగించారు, అది చిరిగితే ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నలకు అక్కడ చోటు దొరకదు. వాద్యాన్ని బాగుచేయడం కేవలం చేతిపని అన్న భావనే ఈ లోపానికి మూలం. అది విమర్శనాత్మక నిర్ణయాలతో కూడిన పని అనడానికి లెస్లీ స్పీకరు మంచి ఉదాహరణ.

2. లెస్లీ స్పీకరు – ఆదిపాఠం ఉన్న వాద్యం:
1935లో వెలువడిన హామండ్ ఆర్గన్ నాదానికి చలనం కల్పించడానికి అమెరికాకు చెందిన డొనాల్డ్ లెస్లీ 1940ల ఆరంభంలో ఈ చెక్కపెట్టెను రూపొందించాడు. ఇందులో సుమారు 800 హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వనులు పైభాగంలో తిరిగే కొమ్ము నుంచి వెలువడతాయి. ఆ కొమ్ముకు రెండు నోళ్లున్నా ధ్వని వచ్చేది ఒకదాని నుంచే. రెండోది సమతూకం కోసం. కింది ధ్వనులు 15 అంగుళాల స్పీకరు నుంచి తిరిగే డోలులోకి వెళ్తాయి. వేగస్థితిలో కొమ్ము నిమిషానికి సుమారు 400 సార్లు తిరుగుతుంది. కొమ్ము నోరు శ్రోతవైపు వస్తూ పోతూ ఉండడంతో 1842లో డాప్లర్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం స్వరస్థాయి స్వల్పంగా ఊగుతుంది. ధ్వని తీవ్రత కూడా హెచ్చుతగ్గులవుతుంది. తర్వాతి కాలంలో గిటారు వాద్యకారులు కూడా ఈ పెట్టెను స్వీకరించారు.

పాత పెట్టెను బాగుచేసేవారు అరిగిన బెల్టులను, బేరింగులను, పాడైన కెపాసిటర్లను మారుస్తారు. ఇంతవరకు వివాదం లేదు. కొమ్ము నోటివద్ద ధ్వనిని చెదరగొట్టే చిన్న శంకువుల దగ్గర చిక్కు మొదలవుతుంది. నాదం ఇంకా పదునుగా వినిపించాలని పలువురు వాద్యకారులు వాటిని తీసివేశారు. ఇప్పుడు వాటిని తిరిగి అమర్చాలా, లేక ఆ మార్పునూ వాద్యచరిత్రలో భాగంగా ఉంచాలా? లేఖకుని సవరణను మూలంలో ఉంచాలా, అధోజ్ఞాపికకు పంపాలా అని పరిష్కర్త పడే సందిగ్ధం ఇదే. అయితే ఇక్కడ కర్మాగారంలో తయారైన నమూనా ఉంది. సరిపోల్చుకోవడానికి ఆదిపాఠం లభ్యం.

3. కిన్నెర – ఆదిపాఠం లేని వాద్యం:
డక్కలి కళాకారుల కిన్నెరలో పెట్టె చేసే పనిని ఎండిన సొరకాయ బుర్రలు చేస్తాయి. వెదురుదండి మీద తేనెమైనంతో మెట్లు నిలుపుతారు. 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్య వాయించే పన్నెండు మెట్ల కిన్నెర నేడు సుప్రసిద్ధం. బుర్ర పగిలితే మరో బుర్ర అమర్చాల్సిందే. ఏ రెండు బుర్రలూ ఒకే పరిమాణంలో, ఒకే మందంలో ఉండవు కనుక ప్రతి మరమ్మతూ ఒక కొత్త పాఠాంతరమే. మెట్లకు అలుగు పొలుసులు వాడే సంప్రదాయం ఉంది. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అలుగుకు అత్యున్నత రక్షణ కల్పించింది. ‘అసలు’ కిన్నెరను యథాతథంగా పునర్నిర్మించాలన్న పట్టుదల ఈ విషయంలో చట్టవిరుద్ధమవుతుంది.

మౌఖిక కథకు ఒకే మూలం ఉండదని మనం ఏనాడో అంగీకరించాం. వాద్యం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘అసలైన కిన్నెరకు ఎన్ని మెట్లు?’ అని అడుగుతున్నాం. ఇది మన పద్ధతిలోని వైరుధ్యం. కిన్నెరలో కాపాడవలసింది పాత బుర్రను కాదు. కొత్త బుర్రను తట్టి, విని, ఎంచుకునే చెవిని. అద్దాల అరలో భద్రపరచిన కిన్నెర రూపాన్ని చూపగలదే గాని ఆ ఎంపికను చెప్పలేదు.

4. ముగింపు:
లెస్లీ పెట్టెను బాగుచేసేవారికి కర్మాగారపు నమూనా అండగా ఉంది. కిన్నెరకు, డోలుకు ఉన్న అండ కళాకారుల చేతుల్లోనే ఉంది. కనుక క్షేత్రపర్యటనలో కథతోపాటు వాద్యానికి వాడిన పదార్థాలు, కొలతలు, మార్చిన భాగాలు, మార్పుకు కళాకారుడు చెప్పిన కారణాలు కూడా నమోదు కావాలి. వాటిని అనుబంధానికి పరిమితం చేయక, పాఠభేదాలతో సమానంగా చర్చించాలి. లేకుంటే ‘అంతరించిపోతున్న కళ’ అంటూ మనం రాసే వాక్యం కళను కాపాడదు. దాని అంతర్ధానాన్ని నమోదు చేయడంతోనే ఆగిపోతుంది.