వరుసంతా లింకే కావాలి

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే ఫోన్‌లో మెనూ ఎలా ఉండాలో అర్థమవుతుంది. జీడి తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చి నల్లబరుస్తుంది. వేలికొనలు మొద్దుబారి పగుళ్లు తేలతాయి. డొంకూరు తీరంలో వల లాగే చేతులకు తడీ ఉప్పూ తప్పవు, తడివేలిని టచ్ తెర సరిగా పట్టుకోదు. పింఛను వివరమైనా, పొలం కాగితమైనా ఈ చేతులే వెతుక్కోవాలి. 2018లో తిత్లీ తుపానును చూసిన ఈ ఊళ్లకు తుపాను హెచ్చరిక ఒక్క నొక్కుకే తెరుచుకోవాలి. మెనూలో పొలం రికార్డుకు పేరైన ‘1బి’ అన్న వరుస తెర ఆ కొస నుంచి ఈ కొస దాకా కనిపిస్తూ, ఆ రెండక్షరాల మీద వేలు పడితేనే పలకడం అన్యాయం.

లోపం చిన్నదే. జాబితాలో ఒక్కో అంశానికీ ఎల్ఐ ట్యాగ్, దాని లోపల లింకుకు యాంకర్ ట్యాగ్ ఉంటాయి. యాంకర్ మామూలుగా అక్షరాల మేరకే పరుచుకుంటుంది. చుట్టూ ఖాళీ కోసం ప్యాడింగ్‌ను ఎల్ఐకి ఇస్తే వరుస పెద్దదిగా కనిపిస్తుంది గానీ లింకు పెరగదు. గురి చిన్నదైన కొద్దీ దాన్ని అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే చూపించాడు. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు నొక్కే చోటుకు కనీసం 48 డీపీ యూనిట్ల పొడవు, వెడల్పు ఉండాలంటాయి. రెండక్షరాల మాటకు అంత చోటు ఎక్కడిది?

కాస్త పక్కన పడ్డ వేలిని ఫోన్ బ్రౌజర్లే సర్దుకుంటాయి కదా అంటారు. దగ్గరలో పడితే సరే, వరుస కుడి చివర నొక్కితే ఆ సర్దుబాటు పనిచేయదు. పేజీ జరుపుతుంటే పొరపాటున లింకు తెరుచుకుంటుందన్న భయమూ ఉంది. వేలు కదిలితే బ్రౌజర్ దాన్ని స్క్రోల్‌గానే తీసుకుంటుంది. ఒకవేళ తెరుచుకున్నా వెనక్కి రావచ్చు. డబ్బు చెల్లింపు, రద్దు లాంటి బటన్ల సంగతి వేరు, వాటిని మెనూ వరుసలో కలపకూడదు. ఇక ఎల్ఐకే జావాస్క్రిప్ట్ తగిలించే అడ్డదారి నాకు సమ్మతం కాదు. చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని లింకుగా చెప్పదు, కీబోర్డు దాన్ని చేరదు, కొత్త ట్యాబ్‌లో తెరవడం కుదరదు.

పేజీలు తయారుచేసే మిత్రులారా, ఆ ప్యాడింగ్‌ను ఎల్ఐ నుంచి తీసి యాంకర్‌కు ఇవ్వండి, ‘డిస్‌ప్లే బ్లాక్’ అని రాయండి. పేజీ రూపం మారదు.