కుడి డొక్క మీద చిన్న కోత

ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేటప్పుడు కోత ఎక్కడ పెట్టాలన్నది మొదట తేల్చుకోవాల్సిన సంగతి. పొట్ట కింద నడిమధ్యన పెట్టొచ్చు. కానీ మన దేశంలో వీధికుక్కల పని చేసే పశువైద్యుల్లో చాలామంది కుడి డొక్కను ఎంచుకుంటారు. చివరి పక్కటెముక దాటాక, తుంటికి ముందు ఉండే మెత్తని చోటు అది. కుక్క ఒంట్లో కుడి అండాశయం ఎడమదానికంటే కాస్త ముందుకు ఉంటుంది, అందుకోవడం కష్టం. అందని దాని వైపే దారి తెరిస్తే, ఎడమదాన్నీ అదే దారిలో బయటికి లాగొచ్చు. రెండో కారణం వీధికి సంబంధించింది. పొట్ట కింది కుట్టు మీద లోపలి పేగుల బరువు పడుతుంది, పడుకుంటే మట్టి అంటుతుంది. డొక్క మీది కుట్టుకు ఆ రెండు బాధలూ తక్కువ. పైగా కుక్కను ముట్టుకోకుండానే, దూరం నుంచి చూసి మానిందో లేదో చెప్పొచ్చు. ఒకసారి వదిలాక మళ్లీ చేతికి చిక్కని జీవానికి ఇంతకన్నా తగిన చోటు లేదు.

ఈ కోత దాకా రావడానికి ముందు చాలా పని ఉంది. సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా అది ఒకే వరసలో సాగాలి. వల పట్టిన మనిషి కుక్క వెనక పరుగెత్తకూడదు. పరుగెత్తితే ఆ వీధి కుక్కలన్నీ జాగ్రత్తపడతాయి, మర్నాడు ఒక్కటీ దొరకదు. ఇనుప పటకార్లు, తీగ ఉచ్చులు పనికిరావు. పిల్లలకు పాలిస్తున్న తల్లిని వదిలేయాలి. పట్టిన కుక్క మెడకు నంబరు పట్టీ కట్టి, ఏ వీధిలో, ఏ మలుపు దగ్గర పట్టారో ఆ నంబరు ఎదురుగా రాసుకోవాలి. ఈ రాతపని చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాతి పనంతా దీనిమీదే నడుస్తుంది.

రాత్రంతా తిండి ఆపుతారు, మత్తులో వాంతి చేసుకుంటే ఊపిరికి అడ్డం పడుతుంది కాబట్టి. పొద్దున్నే బరువు తూచి, ఆ బరువుకు తగ్గ మోతాదులో మత్తు ఇస్తారు. డొక్క మీద వెంట్రుకలు గొరిగి, అయోడిన్‌తో తుడిచి, చర్మం మీద చిన్న గాటు పెడతారు. దాని కింద మూడు పొరల కండరాలుంటాయి, ఒక్కో పొర పోగులు ఒక్కో దిక్కుకు సాగుతాయి. చెయ్యి తిరిగిన వైద్యుడు వాటిని కోయడు, పోగుల వెంబడి సందు చేసి విడదీస్తాడు. పని అయ్యాక వదిలితే పొరలు ఒకదానిమీద ఒకటి అడ్డంగా మూసుకుంటాయి. కుక్క గర్భసంచికి పంగలకర్రలా రెండు పొడవాటి కొమ్ములుంటాయి. కొక్కెంతో కుడి కొమ్మును బయటికి తీసి, దాని వెంట అండాశయం దాకా వెళ్లి, రక్తనాళాన్ని దారంతో బిగించి కోస్తారు. నెత్తురు కారడం లేదని చూసుకున్నాకే పట్టు వదలాలి. తర్వాత పంగ దగ్గరికి దిగి, రెండో కొమ్ము వెంట ఎడమ అండాశయానికి ఎక్కి, అక్కడా కట్టి కోసి, చివరికి గర్భసంచిని మొదలు దగ్గర కట్టి కోస్తారు. చర్మాన్ని లోపలివైపు నుంచే, ఒంట్లో కరిగిపోయే దారంతో కుడతారు. ముడి కూడా లోపలే దాగుతుంది. కుట్లు విప్పడానికి మళ్లీ పట్టాల్సిన పని లేదు, పళ్లతో పీక్కోవడానికి దారం కొస కూడా దొరకదు.

మగకుక్క పని ఇంతకంటే తేలిక. వృషణాల ముందు చిన్న గాటు చాలు.

మత్తు దిగకముందే రెండు పనులు చేస్తారు. ఒకటి రేబీస్ టీకా. రెండోది చెవి చివర చిన్న గాటు. ఆ గాటు చెరిగిపోదు, ఊడిపోదు. వల పట్టే మనిషికి వీధి అవతలి నుంచే కనిపిస్తుంది కాబట్టి అదే కుక్కను రెండోసారి పట్టి హింసించే అవసరం రాదు. కోత మానేదాకా గూట్లో ఉంచి, నంబరు చూసుకుని, పట్టిన మలుపు దగ్గరే వదులుతారు.

అక్కడే ఎందుకు వదలాలని చాలామంది కోపంగా అడుగుతారు. కోపానికి కారణముంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ణి కుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. అయితే తిండి ఉన్న వీధి ఖాళీగా ఉండదు. అక్కడి కుక్కలను తీసేస్తే టీకా లేని కొత్తవి వస్తాయి, వచ్చి ఈనుతాయి. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది, చూలు రెండు నెలలే. మద్రాసులో దశాబ్దాల పాటు చంపినా కుక్కలు తగ్గలేదు. జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ పట్టుబట్టగా 1996లో అక్కడి కార్పొరేషన్ ఆపరేషన్ల దారి పట్టింది. జైపూర్‌లో 1994 నుంచి 2002 దాకా దాదాపు 25 వేల కుక్కలకు ఆపరేషన్, టీకా చేశారు. ఆడకుక్కల్లో 65 శాతానికి ఆపరేషన్ పూర్తయ్యేసరికి కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. ఆ ప్రాంతంలో మనుషులకు రేబీస్ రావడం ఆగింది. పది కుక్కల్లో ఏడింటికి టీకా పడితే రేబీస్ ఒకదాన్నుంచి ఒకదానికి పాకే దారి తెగుతుంది. అంటే ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన కుక్క ఆ వీధికి కాపలా కూడా కాస్తోందన్నమాట.

కుక్కల జననాల అదుపు కోసం కేంద్రం తెచ్చిన 2001 నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలూ ఈ పద్ధతినే చెబుతున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబీస్ సోకినవాటిని, దూకుడుగా మీదపడేవాటిని మినహాయించి, మిగతావాటిని పట్టినచోటే వదలమంది. అదే ఏడాది నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లో పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలొద్దని, వాటికి షెల్టర్లు చూడమని చెప్పింది.

ఇంత నేర్పునూ వృథా చేయగలిగింది ఒకటుంది, అది చెత్త. ఎన్ని ఆపరేషన్లు చేసినా, చికెన్ దుకాణం వెనక పడేసిన పేగులు, ఫంక్షన్ హాలు బయట పారబోసిన అన్నం, 65వ నంబరు హైవే వెంట దాబాల ఎంగిలి కొత్త కుక్కలను పిలుస్తూనే ఉంటాయి. ఈ విషయంలో సూర్యాపేటకు సొంత పాఠమే ఉంది. 2003 ప్రాంతంలో, ఖాదర్ సాహెబ్ కమిషనర్‌గా ఉన్నప్పుడు, ఆ మునిసిపాలిటీ వీధుల్లో చెత్తకుండీలే తీసేసింది. ఇంటింటికీ బండి పంపి తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా తీసుకుంది. తడి చెత్తను ఎరువు చేసింది, పొడి చెత్తను అమ్ముకుంది. దేశంలోని ఊళ్లు చూసి నేర్చుకున్న పని అది. కుక్కల కోసం చేసింది కాకపోయినా, నా లెక్కలో కుక్కల సమస్యకు సగం జవాబు అక్కడే ఉంది. మిగతా సగం ఆపరేషన్ బల్ల మీద ఉంది. రెండూ ఒకే వార్డులో, ఒకే కాలంలో జరగాలి. ఒక వార్డులో పదింట ఏడు కుక్కలకు ఆపరేషన్, టీకా పూర్తి కాకుండా పక్క వార్డుకు పోతే వెనకది మళ్లీ నిండుతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠకులకు ఒక్క మనవి. చెవికి గాటున్న కుక్క మీ వీధికి తిరిగొస్తే తరమకండి. గాటు లేని ఆడకుక్క కనిపిస్తే అది చూలు కట్టకముందే మునిసిపల్ ఆఫీసుకు చెప్పండి, వచ్చి తీసుకెళ్లేదాకా అడుగుతూనే ఉండండి.