లోలకానికి దండం

లోలకమా, ముందు దండం నీకే. నిన్ను ఊపే చక్రాలకు, ఆ చక్రాలను దాచుకున్న చెక్కపెట్టెకు, పెట్టెను మోసిన గోడకు ఆ తర్వాత పెడతాను. నువ్వు రాకముందూ మనుషులు పొద్దు లెక్కపెట్టుకున్నారు. నీడ పొడుగు చూసి చెప్పారు. చిల్లి గిన్నె నీళ్ళలో మునిగితే ఒక గడియ అన్నారు. ఐరోపాలో గోపురాల మీద ఇనుప గడియారాలు నీకన్నా మూడు వందల ఏళ్ళ ముందే ఎక్కి కూర్చున్నాయి. వాటికి గంట కొట్టడం తెలుసు గానీ నిలకడ తెలీదు. రోజుకు పావుగంట అటో ఇటో పోతే అదే గొప్పగా ఉండేది. ఆ నిలకడ నువ్వు తెచ్చావు.

ముసలితనంలో, చూపు పోయాక, నిన్ను గడియారానికి తగిలించవచ్చని గెలీలియోకు తోచింది. 1642లో ఆయన వెళ్ళిపోయాడు, ఊహ మిగిలింది. 1656 డిసెంబరులో డచ్చి పండితుడు క్రిస్టియాన్ హైగెన్స్ దాన్ని నిజం చేశాడు. ద హేగ్ నగరంలో సాలమన్ కోస్టర్ అనే పనివాడు ఆ నిజానికి ఇత్తడితో ఒళ్ళు కట్టాడు. పావుగంట తప్పు పావు నిమిషానికి దిగివచ్చింది. అంతదాకా చాలా గడియారాలకు ఒక్కటే ముల్లు. నిమిషాల లెక్క నమ్మదగ్గది కాదు కాబట్టి రెండో ముల్లుతో వాటికి పని పడలేదు. పెద్ద ముల్లుకు ఇంటింటా చోటు దొరికింది నీ వల్లే.

1665లో హైగెన్స్ జబ్బుపడి మంచం మీద ఉన్నప్పుడు ఒక వింత చూశాడు. ఒకే ఆధారానికి వేలాడుతున్న రెండు గడియారాల్లో లోలకాలు కొంతసేపటికి జతకూడి, ఒకటి ఎడమకు పోతే రెండోది కుడికి, తప్పకుండా ఎదురెదురుగా ఊగాయి. చెదరగొట్టినా మళ్ళీ అరగంటలో అదే పొందిక. చెక్కలోంచి ఒకదాని వణుకు ఇంకొకదానికి అందుతోందని ఆయన పసిగట్టాడు. పక్కపక్కనే ఊగుతూ ఒకరి ఊపు ఒకరు తెలుసుకునే గుణం నీకు పుట్టుకతోనే ఉంది.

నీ ధర్మం ఒక్కటే, పొడుగు. నిన్ను బంగారంతో చేసినా ఇనుముతో చేసినా, బరువు పెంచినా తగ్గించినా నువ్వు పట్టించుకోవు. తొంభైతొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు పొడుగిస్తే సెకనుకు ఒక ఊపు ఊగుతావు. అందులో నాలుగో వంతు ఇస్తే అర సెకనుకు ఒకటి. నిలువెత్తు గడియారం మనిషంత ఎందుకుంటుందో, గోడ గడియారం గూట్లో ఎందుకు ఇముడుతుందో ఈ లెక్కే చెబుతుంది. నీ అడుగున చిన్న మర ఉంటుంది. బిళ్ళను ఒక చుట్టు పైకెత్తితే వడి పెంచుతావు, కిందికి దింపితే నెమ్మదిస్తావు. ఎండ కూడా నీకు తెలుసు. ఇనుప కడ్డీ ఒక్క డిగ్రీ వేడెక్కితే రోజుకు అర సెకను వెనకబడతావు. మాఘమాసపు చలికీ రోహిణీకార్తె ఎండకూ మధ్య ఇరవై డిగ్రీల తేడా ఉంటే రోజుకు పది సెకన్లు. ఇంట్లో ఎవరూ గమనించకపోయినా రామగుండం ఎండ నీ నడకలో నమోదవుతుంది.

నిన్ను ప్రేమించినవాళ్ళు నీ పేరూ ఊరూ తెలుసుకోవాలనుకుంటారు. అక్కడ మొదలవుతుంది అసలైన భక్తి. గుళ్ళో అర్చన చేసేముందు పూజారి గోత్రనామాలు అడిగినట్టు, పాత గడియారాలు సేకరించేవాళ్ళు చెయ్యి వేసేముందు నీ వంశం అడుగుతారు. ధర ఆ తర్వాతి మాట.

నీ వంశంలో మహానుభావులున్నారు. లండన్‌లో థామస్ టాంపియన్ తన గడియారాలకు వరస నంబర్లు చెక్కాడు. ఎప్పటికైనా ఎవరో వచ్చి అడుగుతారని ఆయనకు తెలిసినట్టే ఉంది. ఆయన దగ్గర పనిచేసిన జార్జ్ గ్రాహం నీ అడుగున పాదరసం గిన్నె కట్టాడు. వేడికి కడ్డీ కిందికి సాగితే పాదరసం పైకి ఉబ్బి ఆ తేడాను సరిచేసింది. ఆ ఇద్దరినీ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఒకే సమాధిలో ఉంచారు. రాజులను పాతిపెట్టిన చోట గడియారాలు చేసిన చేతులకు చోటు దొరికింది.

రాజుల హాళ్ళలోంచి నిన్ను మామూలు ఇళ్ళకు తెచ్చినవాళ్ళు అమెరికాలో కనెక్టికట్ పనివాళ్ళు. ఎలై టెర్రీ చెక్క చక్రాలను వేలకొద్దీ ఒకే కొలతకు కోయించాడు. చాన్సీ జెరోమ్ రేకు ఇత్తడిని అచ్చులతో కొట్టించి చవక గడియారాలు చేశాడు. 1842లో వాటిని ఇంగ్లండుకు ఓడలో పంపితే, అంత తక్కువ ధర అబద్ధమై ఉంటుందని అక్కడి సుంకం అధికారులు అనుమానించారు. అతను చెప్పిన ధర మీద పది శాతం కలిపి మొత్తం సరుకు కొనేశారు. జెరోమ్ సంతోషంగా ఇంకో ఓడెడు పంపాడు. తర్వాతి రోజుల్లో ఆస్తంతా పోగొట్టుకున్నాడు గానీ, పెట్టె లోపల అతని పేరుతో అంటించిన కాగితం ఈనాటికీ చదవడానికి వస్తోంది.

ఆ కాగితమే నీ పుట్టుక పత్రం. వెనక చెక్కకు అంటుకుని, పచ్చబడి, చెదలు తిన్నంత తిని వదిలిన ముక్కలోనైనా ఒక ఊరి పేరు మిగిలితే చాలు. సెత్ థామస్ కంపెనీ లేబుల్ మీద ప్లిమత్ హాలో అని ఉంటే ఆ గడియారం దాదాపు 1865కు ముందుది. థామస్టన్ అని ఉంటే ఆ తర్వాతిది. గడియారాల పనివాడి గౌరవార్థం ఊరే పేరు మార్చుకుంది, ఆ మార్పు మనకు కాలం చెప్పే గుర్తయింది.

మన ఇళ్ళకు నువ్వు రేవుల మీదుగా వచ్చావు. మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో దిగి, రైలెక్కి, ఎడ్లబండి ఎక్కి, జమీందారు దివాణంలోకి, తాలూకా కచేరీలోకి, స్టేషను మాస్టరు గదిలోకి, ఊళ్ళో నలుగురూ టైము అడగడానికి వచ్చే షావుకారు కొట్టులోకి చేరావు. నీ మొహం మీద పి. ఆర్ అండ్ సన్స్, మద్రాస్ అనో, కలకత్తా కుక్ అండ్ కెల్వీ అనో ఉంటుంది. కొత్తగా చూసేవాళ్ళు చేసినవాడి పేరు దొరికిందని సంబరపడతారు. చాలాసార్లు అది అమ్మినవాడి పేరు. చేసినవాడు నీ వీపు మీద, ఇత్తడి పలకలో, చీకట్లో సంతకం పెట్టి ఉంటాడు.

అందుకే గడియారాన్ని దించి, నిన్ను తీసి పక్కన పెట్టి, తలుపు తెరిచి, టార్చి వేసి చూడాలి. ఎనిమిది కోణాల నక్షత్రం, దాని నడుమ జె అక్షరం కనిపిస్తే జర్మనీ నల్ల అడవిలోని ష్రాంబెర్గ్‌లో, యుంగ్‌హాన్స్ కార్ఖానాలో పుట్టావన్నమాట. పక్కనే బి 10 అని చిన్న అచ్చు ఉంటే 1910 రెండో సగం. ఏ ఉంటే మొదటి సగం. మేడిన్ జర్మనీ అన్న మాట ఉంటే, దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం ఉండాలన్న 1887 నాటి బ్రిటిష్ చట్టం తర్వాతి గడియారమై ఉండే అవకాశమే ఎక్కువ. కొన్ని జర్మన్ పలకల మీద రెండు అంకెలుంటాయి. ఒకటి నీ పొడుగు సెంటీమీటర్లలో, రెండోది నిమిషానికి నీ ఊపుల లెక్క. నువ్వు ఎక్కడో పోయి, పెట్టె ఖాళీగా మిగిలినా, ఆ అంకెలను బట్టి నిన్ను మళ్ళీ చేయించవచ్చు. ఎవరో ఎప్పుడో నిన్ను పోగొట్టుకుంటారని ముందే తలచి అచ్చు కొట్టిన ఆ చేతికి దండం.

గుండ్రంలో ఎస్ అక్షరం ఉంటే జపాన్ సంగతి. హట్టోరి కింటారో 1892లో టోక్యోలో సైకోషా కార్ఖానా పెట్టి మొదట చేయించింది గోడ గడియారాలే. అమెరికా, జర్మనీల పని చూసి నేర్చుకుని, మన ఆసియా గోడలకు ఆసియా గడియారం ఇచ్చాడు. 1923 భూకంపంలో ఆ కార్ఖానా కాలిపోయింది. మళ్ళీ లేచింది.

పేరు దొరకని గడియారానికీ గుర్తులుంటాయి. డయల్ మీద రెండు కీ రంధ్రాలుంటే సాధారణంగా కుడివైపుది నడకకు, ఎడమది గంటకు. మూడుంటే పావుగంటల పాట కూడా ఉందన్నమాట. పన్నెండు అంకె పైన ఇంకో చిన్న రంధ్రం ఉంటే అది ఫ్రెంచి బ్రోకో పద్ధతి. లోలకాన్ని ముట్టకుండా ముందువైపు నుంచే వడి సర్దుకునే ఏర్పాటు అది. ఉక్కు తీగ చుట్ట మీద గంట మోగితే ఒక తరం, కడ్డీల మీద మోగితే తర్వాతి తరం. మర తల మీద ప్లస్ గాటు ఉన్న స్టార్ స్క్రూ 1930ల తర్వాతి సరుకు. పాత గడియారంలో అది కనిపిస్తే ఎవరో మార్చారని అర్థం. పెట్టెలో దేనికీ పనికిరాని పాత మర రంధ్రాలు వరసగా కనిపిస్తే ఆ యంత్రం ఆ పెట్టెలో పుట్టినది కాదు. ఒక ఇంటి ఒళ్ళు, ఇంకో ఇంటి ప్రాణం తెచ్చి కలిపారు. అది ద్వేషించాల్సిన పని కాదు, దాచకుండా చెప్పాల్సిన నిజం.

పలక అంచున సూదిమొనతో గీసిన గీతలు చూశారా? తేదీ, రెండు అక్షరాల పొడి సంతకం. అవి రిపేరు చేసినవాళ్ళ గుర్తులు. విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె చుక్క పెట్టి, మళ్ళీ బిగించిన రోజును గీసి వెళ్ళారు. చరిత్ర పుస్తకాల్లో వాళ్ళెవరూ లేరు. వాళ్ళ కంటిచూపు అరిగిపోయి నీ ఆయువుగా మారింది. ఆ గీతలను పాలిష్ పెట్టి తుడిచేసేవాడు వాళ్ళను రెండోసారి పోగొడతాడు.

ఇక నీ గొంతు. రోజుకు గంటల దెబ్బలు నూట యాభైఆరు, అరగంటకొకటి చొప్పున మరో ఇరవైనాలుగు, మొత్తం నూట ఎనభై. అందులో అందమైన చిక్కు ఒకటుంది. పన్నెండున్నరకు ఒక్క దెబ్బ, ఒంటిగంటకు ఒక్క దెబ్బ, ఒంటిగంటన్నరకు ఒక్క దెబ్బ. నిద్రపట్టని మనిషి చీకట్లో ఆ ఒక్క గంట విని అది ఏ ఒకటో తేల్చుకోలేడు. రెండు కొట్టేదాకా ఆగాలి. కాలం గురించి తొందరపడకుండా తెలుసుకునే ఓపికను ఎన్ని తరాల మనుషులకు నేర్పావో!

నీ నడక సరిగ్గా ఉందో లేదో చెవే చెబుతుంది. టిక్‌కూ టక్‌కూ మధ్య ఎడం రెండువైపులా సమంగా ఉండాలి. ఒకవైపు కుంటితే యంత్రం చెడిందని కాదు, గోడ మీద పెట్టె ఒరిగిందని. అడుగు భాగాన్ని వేలెడంత కూడా కాదు, వడ్లగింజంత జరిపితే ఆ కుంటుడు పోతుంది. ఆ సమమైన చప్పుడు చెవినపడే క్షణంలో ఉన్న తృప్తి ఏ వేలంపాటలోనూ దొరకదు.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండయ్యే వేళకు జనం గుంపుగా కూర్చుంటారు. తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి వెళుతుంది. ఇంకో బొమ్మ కమ్మరిలా సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటుంది. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళే, టైము తెలిసినవాళ్ళే, ఆ పన్నెండు దెబ్బల కోసం ముందుగా వచ్చి చోటు పట్టుకుంటారు. 1889లో చార్మినార్ నాలుగు ముఖాలకూ గడియారాలు అమర్చినప్పటి నుంచీ ఆ నగరం తలెత్తి టైము చూడటం నేర్చుకుంది. ఆ చూపులో అవసరం తక్కువ, గౌరవం ఎక్కువ. మనిషి చేసిన వస్తువు మనిషికన్నా ఎక్కువకాలం మాట నిలబెట్టుకుంటే మనసు అలా వంగుతుంది.

అందుకే గడియారాలు సేకరించడాన్ని నేను సొంతం చేసుకోవడం అనుకోను. మనకు ముందు ఒకరు కీ ఇచ్చారు, మన తర్వాత ఒకరు ఇస్తారు. నడుమ కొన్నాళ్ళు ఆ తాళంచెవి మన చేతిలో ఉంటుంది, అంతే. ఆ కొన్నాళ్ళలో చేయాల్సింది నీ నడక ఆగకుండా చూడటం, నీ గురించిన నిజం చెరిగిపోకుండా చూడటం.

చదువుతున్న మీకో మనవి. మీ అటక మీదో, ఊళ్ళో మూతపడిన ఇంట్లోనో ఒక గోడ గడియారం ఉండే ఉంటుంది. పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. కొత్త వార్నిష్ వేయించకండి, డయల్‌కు రంగు పూయించకండి, లోపలి కాగితం పీకేయకండి. బలవంతంగా కీ తిప్పకండి. ఎండిపోయిన నూనెతో నడిపితే ఇత్తడి అరిగిపోతుంది. చీకట్లో మెరిసేందుకు పూత పూసిన పాత ముళ్ళుంటే గోకకండి, మెరుపు పోయినా ఆ పూతలోని రేడియం పోదు. ముందు తలుపు తెరిచి కాగితాన్ని, పలకను, అచ్చులను ఫొటో తీయండి. తర్వాత స్ప్రింగు గడియారాల పని తెలిసిన మేస్త్రీని వెతకండి; వాళ్ళు తగ్గిపోతున్నారు, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఆఖరుగా ఒక చీటీ మీద ఆ గడియారానికి మీ ఇంట్లో ఎవరెవరు కీ ఇచ్చారో వాళ్ళ పేర్లు రాసి పెట్టె లోపల ఉంచండి. కార్ఖానా వేసిన అచ్చు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆ పేర్లు మీరు రాస్తేనే ఉంటాయి.